ఒకే ఎడంతో వరుస ప్రధాన సంఖ్యలు: కష్టమంతా మధ్య ఖాళీల్లోనే

199 దగ్గర మొదలుపెట్టి 210 చొప్పున కలుపుకుంటూ వెళ్ళండి. 199, 409, 619, 829, 1039, 1249, 1459, 1669, 1879, 2089. పదికి పదీ ప్రధాన సంఖ్యలే. కాగితం, పెన్సిలు ఉంటే చాలు, ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఇప్పుడు ఇదే లెక్కకి ఒక్క షరతు చేర్చుదాం. అదే 210 ఎడం, అవే పది పదాలు, కాకపోతే పక్కపక్క పదాల మధ్య ఇంకో ప్రధాన సంఖ్య ఉండకూడదు. అంటే పదీ నిజంగా ఒకదాని వెంట ఒకటి వచ్చే ప్రధాన సంఖ్యలై ఉండాలి. దీనికి మొదటి ఉదాహరణ 1998లో దొరికింది. అందులో ఒక్కో సంఖ్యకీ 93 అంకెలు.

మూడంకెల సంఖ్య దగ్గర తేలిపోయిన లెక్కని 93 అంకెల దాకా తోసుకుపోయింది ఆ ఒక్క షరతే. పది స్థానాల్లో ప్రధాన సంఖ్యలు ఉండటం కాదు ఇక్కడ గొప్ప, వాటి మధ్య ఉన్న 1881 స్థానాల్లో ఒక్కటి కూడా లేకపోవడం. ఈ విషయం మీద రాసేవాళ్ళు చాలామంది ఆ పది సంఖ్యల్నే చూపించి వదిలేస్తారు. నా దృష్టిలో అసలు పనంతా ఆ ఖాళీల్లో ఉంది.

చిన్నవాటితో మొదలుపెడదాం. 3, 5, 7 అందరికీ తెలిసిందే, ఎడం 2. దాని తర్వాత 47, 53, 59, ఎడం 6. మధ్యలో 49 ఏడు ఏడులు, 51 మూడు పదిహేడులు, 55 ఐదు గుణిజం, 57 మూడు పంతొమ్మిదులు. ఎక్కడా ప్రధాన సంఖ్య లేదు. ఇలా రెండు పొరుగు ప్రధాన సంఖ్యలకి సరిగ్గా నడుమ పడే ప్రధాన సంఖ్యని సమతుల్య ప్రధాన సంఖ్య అంటారు: 5, 53, 157, 173, 211, 257, 263, 373 ఇలా. ఇందులో 211 చూడముచ్చటైనది. పక్కపక్క ప్రధాన సంఖ్యల మధ్య 12 ఎడం మొట్టమొదటిసారి వచ్చేది 199, 211 మధ్యే. వచ్చీ రాగానే వెంటనే ఇంకోసారి వస్తుంది: 211 తర్వాతది 223.

257, 263 రెండూ ఆ జాబితాలో పక్కపక్కనే ఉండటం గమనించే ఉంటారు. 251, 257, 263, 269 అన్నవి నాలుగు వరుస ప్రధాన సంఖ్యలు, ఎడం 6. నాలుగింటి వరుసల్లో ఇదే మొదటిది. తర్వాతది 1741, 1747, 1753, 1759. ఈ రెండు వరుసల చివరి అంకెలు చూడండి: 1, 7, 3, 9. మళ్ళీ 1, 7, 3, 9. ఎడం 6తో నాలుగు వరుస ఎక్కడ దొరికినా చివరి అంకెలు ఇవే, ఇదే క్రమంలో. ఇది యాదృచ్ఛికం కాదు, దీని వెనకున్న కారణమే ఈ విషయం మొత్తానికి తాళంచెవి.

ఒక అంకశ్రేఢిలో ఐదు పదాలున్నాయనుకుందాం, సామాన్య భేదం 5తో భాగించబడదనుకుందాం. అప్పుడు ఆ ఐదు పదాల్నీ 5తో భాగిస్తే ఐదు వేర్వేరు శేషాలు వస్తాయి. శేషాలు ఉన్నవే ఐదు కాబట్టి అందులో ఒకటి సున్నా. ఆ పదం 5 గుణిజం, కనుక అది 5 అయితే తప్ప ప్రధాన సంఖ్య కాలేదు. ఈ వాదన ఏ ప్రధాన సంఖ్యకైనా వర్తిస్తుంది. శ్రేఢిలో ఎన్ని పదాలు కావాలో, అంతవరకు ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యా భేదాన్ని భాగించి తీరాలి. వరుస ప్రధాన సంఖ్యల్లో 3, 5, 7 ఒక్కదానికి మినహాయింపు, ఎందుకంటే 3 స్వయంగా లోపలే ఉంది. మిగతా అన్నిచోట్లా మూడు, నాలుగు పదాలకి భేదం 6 గుణిజం కావాలి. ఐదు, ఆరు పదాలకి 30. ఏడు నుంచి పది దాకా 210. పదకొండుకి వచ్చేసరికి 2310. ఈ మెట్లు గుర్తుంచుకోండి, రికార్డులు ఎక్కడెక్కడ ఆగాయో వీటిని బట్టే అర్థమవుతుంది.

చివరి అంకెల సంగతి ఇప్పుడు తేలిక. నాలుగు పదాలు, భేదం 6. వీటిని 5తో భాగిస్తే నాలుగు వేర్వేరు శేషాలు, ఏదీ సున్నా కాకూడదు. అంటే ఐదో శేషమైన సున్నా ఈ వరుసకి అటూ ఇటూ పడాలి. 251కి 6 తక్కువ 245, 269కి 6 ఎక్కువ 275, రెండూ 5 గుణిజాలే. మొదటి పదం 5 గుణిజం కంటే 6 ఎక్కువ, పైగా బేసి, కాబట్టి 1తో ముగియక తప్పదు. భేదం 12 అయితే ఇదే లెక్కన మొదటి పదం 7తో ముగియాలి. 12 ఎడంతో నాలుగింటి వరుసల్లో మొదటిది 111497 దగ్గర మొదలవుతుంది, చివరి అంకె 7.

ఐదింటి, ఆరింటి వరుసలకి కంప్యూటరు కావాలి, అయితే మామూలు కంప్యూటరు చాలు. మొదటి ఐదింటి వరుస 9843019 నుంచి 30 చొప్పున: 9843049, 9843079, 9843109, 9843139. మొదటి ఆరింటి వరుస 121174811 నుంచి, అదీ 30 ఎడమే. ఆరింటి వరుసల్లో మొట్టమొదట దొరికినదాన్ని 1967లో ల్యాండర్, పార్కిన్ ప్రకటించారు. ఒక ఐదో ఘాతం నాలుగు ఐదో ఘాతాల మొత్తం కాలేదన్న ఆయిలర్ ఊహని ఒక్క ఉదాహరణతో తప్పని చూపించిన జంట కూడా వీళ్ళే.

9843019 తర్వాతి ఖాళీని దగ్గరగా చూద్దాం. మధ్యలో 29 సంఖ్యలున్నాయి. 2, 3, 5 గుణిజాలు తీసేస్తే ఏడే మిగులుతాయి, చివరి రెండంకెలతో చెప్పాలంటే 23, 29, 31, 37, 41, 43, 47. వీటిలో 9843029, 9843043 ఏడు గుణిజాలు. 9843031 పదకొండుకి పోయింది, 9843041 పదమూడుకి. 9843037 మాత్రం 67 దాకా నిలబడి 67 × 146911గా విడిపోయింది. మిగిలినవి 9843023, 9843047. ఈ రెండింటినీ 211 వరకున్న ఏ ప్రధాన సంఖ్యతో భాగించినా శేషం వస్తూనే ఉంటుంది. రెండూ సంయుక్త సంఖ్యలే, కాకపోతే వాటి కారణాంకాలు ఇంకా పైన ఉన్నాయి. చిన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూసి "ఇంకేముంది, ప్రధాన సంఖ్యే" అనుకునే ప్రోగ్రాము సరిగ్గా ఇలాంటిచోట మోసపోతుంది. ఈ వరుసని చేజార్చుకుంటుంది, ఎక్కడ తప్పు జరిగిందో కూడా చెప్పదు.

కాబట్టి ఈ స్థాయిలో ఎరటోస్తనీస్ జల్లెడే నమ్మకమైన దారి: ఒక్కో ప్రధాన సంఖ్య గుణిజాల్నీ కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలేవి ప్రధాన సంఖ్యలే. 121174811తో మొదలయ్యే వరుస దొరకాలంటే జల్లెడ 12 కోట్ల 12 లక్షల దాకా పట్టాలి. బేసి సంఖ్యలకే చోటిచ్చి ఒక్కోదానికి ఒక్కో బిట్ వాడితే సుమారు 7.6 మెగాబైట్లు సరిపోతుంది. కొట్టివేయడానికి 11007 వరకున్న ప్రధాన సంఖ్యలు చాలు, ఎందుకంటే 11008 వర్గం అప్పటికే 12,11,76,064 అవుతుంది. జల్లెడని ముక్కలుగా, ఒక్కో ముక్క ప్రాసెసరు క్యాషేలో (దాని పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీలో) పట్టేంత, 32 కిలోబైట్ల ప్రాంతంలో పెట్టుకుంటే వేగం బాగా పెరుగుతుంది. తర్వాత ప్రధాన సంఖ్యల్ని వరుసగా చదువుతూ మూడు విషయాలే గుర్తుంచుకోవాలి: కిందటి ప్రధాన సంఖ్య, కిందటి ఎడం, ఆ ఎడం ఎన్నిసార్లు వరుసగా వచ్చిందన్న లెక్క.

పైకి చూస్తే పది లైన్ల ప్రోగ్రాము. తప్పులు మాత్రం ఎప్పుడూ అవే చోట్ల దొర్లుతాయి. ఎడం మారినప్పుడు లెక్కని సున్నాకి తిప్పడం వాటిలో మొదటిది. తిప్పాల్సింది 1కి, ఎందుకంటే కొత్తగా వచ్చిన ఎడమే కొత్త వరుసకి తొలి ఎడం. 241, 251, 257, 263, 269 తీసుకోండి, ఎడాలు 10, 6, 6, 6. 10 నుంచి 6కి మారిన క్షణాన సున్నా పెడితే మొదటి 6 లెక్కలోకి రాదు, నాలుగు వరుస కాస్తా మూడు వరుసగా నమోదవుతుంది. ఆరు సంఖ్యలకి ఐదే ఎడాలన్నది ఇంకో తికమక. జల్లెడ ముక్క మారేచోట పై మూడు విషయాల్నీ తర్వాతి ముక్కకి అందించకపోతే, అంచు మీద పడ్డ వరుస రెండు ముక్కలై పోతుంది. అలాగే కొట్టివేత ఏ ప్రధాన సంఖ్యకైనా దాని వర్గం దగ్గర మొదలవుతుంది కదా, ఆ వర్గాన్ని 32 బిట్ల పూర్ణాంకంలో లెక్కిస్తే 46341 దగ్గర ఆ చోటులో పట్టక పొంగిపోతుంది. ఇక్కడ 11007 దగ్గరే ఆగుతున్నాం కాబట్టి బయటపడదు, జల్లెడని ఇంకా పైకి తీసుకెళ్ళిన రోజున తగులుతుంది.

ఫలితం సరైనదో కాదో చూసుకోవడానికి ఒక చక్కని పరీక్ష ఉంది. 30 ఎడంతో ఆరు వరుస దొరికితే, దాని మొదటి పదాన్ని 7తో భాగించినప్పుడు శేషం 2 వచ్చి తీరాలి. 30ని 7తో భాగిస్తే శేషం 2. ఆరు పదాలూ సున్నాని తప్పించుకోవాలంటే వరుసకి ముందు పదం 7 గుణిజం కావాలి, తర్వాతి పదమూ కావాలి. 121174811కి 30 తక్కువ 121174781, అది 7 × 17310683. ఆరో పదమైన 121174961కి 30 ఎక్కువ 121174991, అది 7 × 17310713. రెండువైపులా ఏడు కాపలా. మీ ప్రోగ్రాము చూపించిన వరుసలో ఈ శేషం 2 కాకపోతే తప్పు ప్రోగ్రాములోనే ఉంది, ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

ఏడుకి వచ్చేసరికి జల్లెడ చేతులెత్తేస్తుంది. భేదం 30 నుంచి ఒక్కసారిగా 210కి దూకింది. పక్కపక్క ప్రధాన సంఖ్యల మధ్య 210 ఎడం మొట్టమొదట కనిపించేది 20831323 దగ్గర. అక్కడ సగటు ఎడం సుమారు 17. అంటే సగటుకి పన్నెండు రెట్లున్న ఖాళీ ఒక్కటి రావడమే అపురూపం, మనకి అలాంటివి ఆరు, ఒకదాని వెంట ఒకటి కావాలి. ఎదురుచూస్తే దొరికేది కాదు, కట్టుకోవాల్సిందే.

1995లో హార్వే డబ్నర్, హ్యారీ నెల్సన్ ఆ పనే చేశారు. ఖాళీలు వాటంతటవే ఖాళీగా ఉంటాయని ఆశించకుండా, మధ్య స్థానాల్లో వీలైనన్ని ఏదో ఒక చిన్న ప్రధాన సంఖ్యకి గుణిజాలయ్యేలా ముందే ఏర్పాటు చేసుకుని, ఆ తర్వాత వెతకడం. దీనికి ఆధారం చైనీయుల శేష సిద్ధాంతం. ఎన్ని ప్రధాన సంఖ్యలకైనా ఒక్కోదానితో ఏ శేషం రావాలో మనం నిర్ణయించుకోవచ్చు, ఆ శేషాలన్నీ ఇచ్చే సంఖ్య తప్పకుండా ఉంటుంది, వాటి లబ్ధం చొప్పున కలుపుకుంటూ పోతే అలాంటివి ఎన్నైనా వస్తాయి.

ఈ కిటుకు చేత్తో చేసి చూస్తేనే మనసుకెక్కుతుంది. 6 ఎడంతో నాలుగు వరుస కడదాం. మొదటి పదానికి 0, 6, 12, 18 కలిపితే ప్రధాన సంఖ్యలు రావాలి. 2, 4, 8, 10, 14, 16 కలిపితే రాకూడదు. మొదటి పదం బేసి కాబట్టి బేసి సంఖ్యలు కలిపిన స్థానాలన్నీ సరిసంఖ్యలే, వాటి గొడవ లేదు. 3తో శేషం 1 అనుకుంటే 2, 8, 14 స్థానాలు మూడు గుణిజాలైపోతాయి. 5తో శేషం 1 తప్పదని ముందే చూశాం, దానితో 4 పోతుంది. మిగిలినవి 10, 16. పదో స్థానాన్ని 7కి అప్పగిద్దాం: 7తో శేషం 4 ఉంటే 10 కలిపినప్పుడు 14, ఏడు గుణిజం. అదే సమయంలో 0, 6, 12, 18 స్థానాల శేషాలు 4, 3, 2, 1, ఏదీ సున్నా కాదు. 16ని 11కి అప్పగిద్దాం: శేషం 6 ఉంటే 22 అవుతుంది. మన నాలుగు పదాల శేషాలు 6, 1, 7, 2, ఇబ్బంది లేదు.

ఈ షరతులన్నీ కలిపితే మొదటి పదం 2041, లేదా దానికి 2310 చొప్పున కలిపినది. ఇక వీటిలో ఏది తీసుకున్నా మధ్య ఖాళీలు గ్యారంటీగా ఖాళీయే. చూడాల్సింది నాలుగు స్థానాలే. 2041 అంటే 13 × 157, పోయింది. 4351 అంటే 19 × 229. 6661 ప్రధాన సంఖ్యే కానీ 6667 అంటే 59 × 113. 8971 బాగుంది, 8977 దగ్గర 47 × 191. 11281 అంటే 29 × 389. 13591, 13597 రెండూ నిలబడ్డాయి, మూడోది 13603 మాత్రం 61 × 223. ఏడో ప్రయత్నం 15901. దాని వెంట 15907, 15913, 15919. నాలుగూ ప్రధాన సంఖ్యలే! మధ్యలో 15903 మూడుకి, 15905 ఐదుకి, 15909 మళ్ళీ మూడుకి, 15911 ఏడుకి (7 × 2273), 15915 మూడుకి, 15917 పదకొండుకి (11 × 1447), ఎవరికి అప్పగించినవి వాళ్ళు తీసుకుపోయారు. ఏడు ప్రయత్నాల్లో పని అయిపోయింది.

ఈ పద్ధతిలో శేషాన్ని ఎంచుకునేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. మధ్య స్థానాన్ని కొట్టే హడావిడిలో మనకి కావలసిన స్థానమే పోవచ్చు. అందుకే ప్రతి ప్రధాన సంఖ్యకీ ముందు మన పదాలకి హాని చేసే శేషాల్ని పక్కన పెట్టాలి. మిగిలినవాటిలోంచి ఇంకా బతికున్న మధ్య స్థానాల్ని ఎక్కువగా కొట్టేదాన్ని ఎంచుకోవాలి. పది వరుసకైతే 13 దగ్గర పది శేషాలు నిషిద్ధం, మూడే మిగులుతాయి. 17 దగ్గర ఏడు. పైకి వెళ్ళేకొద్దీ స్వేచ్ఛ పెరుగుతుంది, ఒక్కో దెబ్బకి రాలే స్థానాలు తగ్గుతాయి.

డబ్నర్, నెల్సన్‌లకి దొరికిన ఏడు సంఖ్యలకి ఒక్కోదానికి 97 అంకెలు. తర్వాత టోనీ ఫోర్బ్స్, నిక్ లిగెరోస్, మిషెల్ మిజోనీ, పాల్ జిమ్మర్‌మన్ వాళ్ళతో చేరారు. ఇంటర్నెట్ ద్వారా ఎంతోమంది తమ కంప్యూటర్లని ఈ పనికిచ్చారు. 1997 నవంబరులో ఎనిమిది, 1998 జనవరిలో తొమ్మిది, 1998 మార్చి 2న పది దొరికాయి. పదిని పట్టుకున్న కంప్యూటరు మాన్‌ఫ్రెడ్ టోప్లిక్‌ది. నాలుగు నెలల్లో మూడు రికార్డులు ఎలా వచ్చాయంటే, ఏడు నుంచి పది దాకా భేదం 210 దగ్గరే ఆగి ఉంటుంది. మెట్టు మారదు కాబట్టి పాత ఏర్పాటునే పొడిగించుకుంటే సరిపోయింది.

పది వరుస లెక్క ఇలా ఉంటుంది. తొమ్మిది ఖాళీలు, ఒక్కో దానిలో 209 సంఖ్యలు, మొత్తం 1881. 2, 3, 5, 7 కొట్టేశాక ఒక్కో ఖాళీలో 47 చొప్పున 423 మిగులుతాయి. 11తో శేషానికి ఎంపికే లేదు. 210ని 11తో భాగిస్తే శేషం 1, పది పదాలకి శేషాలు 1 నుంచి 10 దాకా వరుసగా రావాలి, కాబట్టి మొదటి పదం శేషం 1 కావాల్సిందే. 13 నుంచి 193 దాకా ఉన్న 39 ప్రధాన సంఖ్యలతోనే మన నైపుణ్యం చూపించాలి. 193 వరకున్న 44 ప్రధాన సంఖ్యల లబ్ధానికి 78 అంకెలు. షరతులన్నీ తీర్చే 77 అంకెల సంఖ్య ఒకటి దొరికింది. దానికి ఆ లబ్ధాన్ని ఎన్నిసార్లు కలిపితే పది స్థానాలూ ప్రధాన సంఖ్యలవుతాయన్నదే ఇక వెతుకులాట. జవాబు: 507618446770482 సార్లు.

ఆ గుణకం కోసం ఒక్కోదాన్నీ నేరుగా పరీక్షిస్తే ఎప్పటికీ తెమలదు. గుణకాల మీద కూడా జల్లెడ పట్టాలి. 193 దాటిన ప్రతి ప్రధాన సంఖ్యకీ, పది పదాల్లో ఏదో ఒకదాన్ని భాగించే గుణకాల తరగతులు పది ఉంటాయి. 197తో మొదలుపెడితే ప్రతి 197 గుణకాల్లో పది పోతాయి. ఇలా లక్షల దాకా ప్రధాన సంఖ్యలతో జల్లించాక మిగిలినవాటినే ఫెర్మా పరీక్షకి (సంఖ్యని విడగొట్టకుండానే అది సంయుక్త సంఖ్యేమో త్వరగా పట్టుకునే పరీక్షకి) పంపాలి. ఒక గుణకంలో మొదటి పదం విఫలమైతే మిగతా తొమ్మిదీ చూడక్కర్లేదు, కాబట్టి ఎక్కువ గుణకాలు ఒకటి రెండు పరీక్షలతోనే రాలిపోతాయి. ఇక్కడ ఒక సంగతి తెలిసి ఉండాలి. ఫెర్మా పరీక్షలో విఫలమైన సంఖ్య నిస్సందేహంగా సంయుక్త సంఖ్య. నెగ్గినది ప్రధాన సంఖ్యేనని మాత్రం చెప్పలేం. 341 అంటే 11 × 31 అయినా 2 ఆధారంగా పెట్టిన పరీక్షలో నెగ్గేస్తుంది. కాబట్టి మధ్య స్థానాల్లో కొట్టకుండా మిగిలినవాటికి ఆ పరీక్షే నిరూపణ. మన పది పదాలకి మాత్రం అది చాలదు, ఎలిప్టిక్ కర్వ్ లాంటి నిరూపణ పద్ధతితో విడిగా నిరూపించాలి. ఈ రోజుల్లో 93 అంకెల సంఖ్యకి అది సెకన్లలో పని.

ఎంత అదృష్టం కావాలో కూడా అంచనా వేయొచ్చు. 93 అంకెల ప్రాంతంలో సుమారు 212 సంఖ్యలకి ఒకటి ప్రధాన సంఖ్య. 193 దాకా ఏదీ భాగించదని ముందే ఏర్పాటు చేసుకున్నాం కాబట్టి ఆ అవకాశం తొమ్మిది రెట్లకి పైగా పెరిగి సుమారు 22.2లో 1 అవుతుంది. పదీ ఒకేసారి కుదరాలంటే ఆ భిన్నాన్ని పదిసార్లు గుణించాలి. దాదాపు 29 లక్షల కోట్ల గుణకాలకి ఒకటి. వంద మంది కంప్యూటర్లు ఎందుకు కావాల్సి వచ్చాయో అర్థమవుతుంది. అన్నట్టు, 212కీ 210కీ ఉన్న దగ్గరితనం చూశారా? ఆ ప్రాంతంలో సగటు ఎడమే దాదాపు 210. 20831323 దగ్గర అసాధారణమైన ఖాళీ 93 అంకెల దగ్గర మామూలు ఖాళీ అయిపోయింది.

ఆ పది సంఖ్యల్లో మొదటిది ఇదిగో:

100996972469714247637786655587969840329509324689190041803603417758904341703348882159067229719

దీనికి 210 చొప్పున తొమ్మిదిసార్లు కలిపితే మిగతావి వస్తాయి. ఇంత పెద్ద సంఖ్యలో చేత్తో సరిచూడగలిగింది ఏమైనా ఉందా అంటే ఉంది. 11తో శేషం 1 రావాలని పైన అనుకున్నాం. 11 భాజనీయతా సూత్రం బడిలో చదివిందే: బేసి స్థానాల అంకెల మొత్తంలోంచి సరి స్థానాల అంకెల మొత్తం తీసేయాలి. బేసి స్థానాల మొత్తం 234, సరి స్థానాల మొత్తం 211. తేడా 23, పదకొండుతో భాగిస్తే శేషం 1. ఒక్క అంకె తప్పుగా ఎక్కించుకున్నా ఈ లెక్క చెడుతుంది, కాబట్టి ఈ సంఖ్యని ఎక్కడికైనా నకలు తీసుకుంటే ముందు ఇది చేసి చూసుకోండి. మొదట్లో చెప్పిన 199నీ ఇదే పరీక్షకి పెట్టండి. 198 అంటే 11 × 18, శేషం 1. 2089 తర్వాతి పదం 2299 అంటే 11 × 209. మధ్యలో ప్రధాన సంఖ్యలున్నా లేకున్నా ఈ నియమం రెండు శ్రేఢులకీ ఒకటే.

పదకొండు ఎందుకు రాలేదో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు. భేదం 2310కి దూకుతుంది. పది ఖాళీల్లో 23,090 సంఖ్యలు, ఒక్కటీ ప్రధాన సంఖ్య కాకూడదు. సగటు ఎడం 2310 ఉండాలంటే సంఖ్యలకి వెయ్యి అంకెలుండాలి. అంత దూరం వెళ్ళకుండా చిన్న సంఖ్యల్లోనే చేద్దామంటే ఖాళీల్ని కొట్టడానికి సరిపడా ప్రధాన సంఖ్యలు లబ్ధంలో పట్టవు. పెద్ద సంఖ్యలకి వెళ్తే ఒక్కో పరీక్ష బరువు పెరుగుతుంది, పదకొండు స్థానాలూ ఒకేసారి కుదిరే అవకాశం కుంచించుకుపోతుంది. పది వరుసని కనుగొన్నవాళ్ళే తమ పరిశోధన పత్రంలో ఈ రికార్డు చాలాకాలం నిలుస్తుందని రాశారు. కంప్యూటర్ల వేగం పెరిగినంత మాత్రాన తీరే కష్టం కాదిది, కొత్త ఆలోచన కావాలని నా నమ్మకం.

మధ్యలో ఏమున్నా ఫర్వాలేదన్న సులువైన ప్రశ్నలో మాత్రం చాలా ముందుకెళ్ళారు. 2019లో 27 పదాల శ్రేఢి దొరికింది, మొదటి పదం 224584605939537911. ఎంత పొడవు కావాలంటే అంత పొడవున్న శ్రేఢులు ప్రధాన సంఖ్యల్లో ఉన్నాయని 2004లో బెన్ గ్రీన్, టెరెన్స్ టావో నిరూపించారు. అలాంటి మూడు పదాల శ్రేఢులు అనంతంగా ఉన్నాయని వాన్ డెర్ కోర్పుట్ 1939లోనే నిరూపించాడు. వరుస ప్రధాన సంఖ్యల విషయంలో ఆ నిరూపణలేవీ పనికిరావు, ఎందుకంటే అవి స్థానాల్లో ఏముందో చెబుతాయి గానీ మధ్య ఖాళీల గురించి ఏమీ చెప్పవు. ఎంత పొడవు వరుసలైనా ఉంటాయన్నది ఇప్పటికి ఊహ మాత్రమే. అంతెందుకు, 47, 53, 59 లాంటి మూడింటి వరుసలు అనంతంగా ఉన్నాయని కూడా ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు.